చాట

పద్దెనిమిదేండ్ల సంది ఆడుతున్నది
మా ఆడిబిడ్డ కూతురు వనమాల,
ఒక్కతే, మా అత్త అండాలమ్మను.
నకిరేకల్ల, సూర్యాపేటల, హుజూర్‌నగర్ల.
నేను పోలే.
ఇయ్యాల మిర్యాలగూడ రైస్‌మిల్లు హాలు,
ఇంటిముందటికే ఆటో పంపింది.

నడుముకు అదే తాళాల గుత్తి, అదే పొడిదగ్గు.
మామ ఒక చేతికర్ర.
ఐదుగురు కొడుకులు ఐదు చెంబులు.
మరి నేనేదని చూస్తి,
మూలకు ఒరగబెట్టిన చాట.

అత్త దాన్ని తిట్టింది. జనం నవ్విండ్రు.
నూకలల్ల రాళ్లున్నయని
ఎత్తి కొట్టింది. చప్పట్లు.
నా మోచేతిల పాత నొప్పి లేశింది.

ఆఖరుకు, లైటు సగం తగ్గినంక,
చాట పక్కన కూసొని
"తిన్నవా బిడ్డా" అన్నది అత్త.
ఆగింది.

ముప్పై ఒక్కేండ్లు ఒక్క పొయ్యికాడ ఉన్నం,
ఆ మాట ఆమె నోట నేనినలే.
వనమాల కల్పించిందో,
నేను నీళ్లకు వోయిన యాళ్ల
అత్త నిజంగ చాటనే అడిగిందో.

జవాబు కోసం వనమాల ఇంకా ఆగే ఉన్నది.
మూడో వరసల కెల్లి
"తిన్ననత్తా" అన్న.

పొద్దటి సంది చాయ తప్ప ఏం లేదు కడుపుల.