కందిబద్దంత

కొర్లగుంటలో గఫార్ సాయబు కొట్టు.
గోనెపట్టా మీద నా ఎనిమిది నెలల పొదుపు
విడివిడిగా పడుకుని ఉంది.
పీలేరులో దొరికిన ఫ్రేము, మదనపల్లె చక్రాలు,
బెంగళూరు బస్సులో వచ్చిన గేర్లు.

"ఇవన్నీ ఒకదానికొకటి పడతాయని ఎవురు చెప్పినారుమే?"
ఎవరూ చెప్పలేదు.
అన్నీ ఎరుపు. కొన్నాను.

బ్లడ్ బ్యాంకులో నా పని
చుక్కకు చుక్క కలిపి చూడటం.
గాజుపలక మీద గడ్డలు కట్టకపోతేనే
సంచీ గడప దాటుతుంది.
ఎర్రనివన్నీ ఒకటి కావని
రోజూ సంతకం పెట్టేదాన్ని.

వెనక చక్రం ఇరుసు నూట ముప్పై అయిదు.
ఫ్రేము నోరు నూట ముప్పై.
మధ్యలో అయిదు మిల్లీమీటర్లు,
కందిబద్దంత.

"కొంచెం సాగదీస్తే?"
ఆయన పానా కింద పెట్టేశాడు.
"ఇనుమైతే సర్దుకుంటాది. ఇది అల్యూమినియం.
ఇప్పుడు ఊ అంటాది.
భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు
అసలు మాట చెప్తాది."

గేర్ల సంగతి అడగబోయాను.
"లివరు పదికే లెక్కపెడతాది,
పళ్లబిళ్లలు పదకొండుండాయి," అని
టీకి కేకేశాడు, నాక్కూడా.

ఫ్రేము ఆయన కొక్కేనికి వేలాడుతోంది.
కావలసిన కొలతలు
అగ్గిపెట్టె అట్ట మీద రాసిచ్చాడు.

వెనక చక్రం మార్చుకుందామని
ఒళ్లో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను.
దానికీ టికెట్టు కొట్టాడు కండక్టరు.
ఘాట్ మలుపుల్లో
ఎవరూ తొక్కకుండానే
కాస్త కాస్త తిరుగుతోంది,
టిక్, టిక్ మని.