ముడుల దారం

మొదట వాసన చూస్తాను.
గంజి ఎక్కువైతే పులుపు తగుల్తుంది,
తక్కువైతే సముద్రపు గాలికే తాను ఒళ్లు వదిలేస్తుంది.
తరవాత కోట వీధి చివర, ఇసక మొదలయ్యే చోట
నాలుగు మడతలు పెట్టి కళ్లకడ్డం పట్టుకుంటాను.
నాలుగు మడతల్లోంచి
రేవులో ఓడల కొయ్యలు లెక్కకొస్తే అది నగరుకి.
రెండింట్లోంచే అయితే పాత్రుల ఇళ్లకి.
ఒక్క మడతలోంచీ ఏమీ కనపడకపోతే
అది నాకూ, మా ఇంటిదానికీ.

నూకిశెట్టి నా పేరు.
మా అయ్య ఉప్పు అమ్మేవాడు.
ఆ మాట నగరులో అనను గానీ
వాన ఇంకా యారాడ కొండ దాటకముందే
బట్టల మూటలు అటకెక్కించేది ఆ ఉప్పు చేతులే.

విశాఖపట్నం నుంచి మూడు రాత్రుల బండి దారి.
నగరులో తెర ఇవతల చాప మీద కూర్చోబెట్టేవారు.
ఆ తెరా నేనమ్మిందే,
ఏమీ కనపడని రకం.
దాని రూకలు ఇంకా రాలేదు.

రాణిగారి మొహం నేనెరగను.
రవికెల కొలతకి దాసి తిమ్మి ఓ దారం తెచ్చేది.
మొదటి ముడి భుజం, రెండోది చెయ్యి,
ఎర్రపోగు చుట్టింది రొమ్ము.
పెళ్లైన ఏటి దారం
నా చేతికి రెండు జానలు, నాలుగు వేళ్లు.
మూడో ఏట ముడులు దూరం జరిగాయి.
మా ఆవిడ దీపం దగ్గర పట్టి చూసి
"నెల తప్పింది" అంది.
ఆ పైయేటి దారంలో ముడులు దగ్గరికొచ్చేశాయి,
మునుపెన్నడూ లేనంత దగ్గరికి.
పొత్తిగుడ్డలు మాత్రం నగరులో ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
బేరగాడి నోటికి కొన్ని మాటలు నిషేధం.

ఏటి అవతల సాలెపేటలో చౌడప్ప
మంచు దిగే వేళ తప్ప మగ్గం ఎక్కడు,
ఎండెక్కితే పోగు తెగుతుంది.
నలభై నిండకుండానే వాడి కళ్లకి
నాలుగు మడతల పొర.
వేళ్లతో చూస్తాడు ఇప్పుడు.

ఈ మాఘంలో తెర అవతల్నుంచి దారం రాలేదు.
మాట ఒక్కటే వచ్చింది.
తెల్లవి. అంచు వద్దు, కొంగు వద్దు.
ముతకవైనా చాలు.
రవికెలు అక్కర్లేదు.
బయట బొక్కసం కరణం ఆకు మూసేసి
మూడొందల నలభై మాడల పాత బాకీ
రాజుగారి చితితోనే చెల్లిందన్నాడు.

చౌడప్పకి చెప్తే కాసేపు ఊరుకున్నాడు.
"అంచు లేదు, కొంగు లేదు,
మరి ఎక్కడ ఆపాలి శెట్టీ?"
నాకు తోచలేదు.
"నీకు అలుపొచ్చినప్పుడు" అన్నాను.

నెల తిరిగాక ఆ తెల్లటి తాను
ఇసక మీద నిలబడి కళ్లకడ్డం పెట్టుకున్నాను.
నాలుగు మడతలు.
పదకొండు కొయ్యలు,
ఒకటి కదుల్తోంది.
వాడికి ముతక నెయ్యడం చేతకాదు, ఏం చెయ్యను?
తాటాకు మీద మాత్రం ముతక ధరే గీశాను.
నా జన్మలో తక్కువ గీసింది అదొక్కసారే.
పాత బాకీ అడుగుతాను, అది వేరే లెక్క.

నిన్న మా ఆవిడ
అటక మీది బుట్టలోంచి ఓ దారం లాగి
గుమ్మడి పాదు పందిరికి కట్టబోయింది.
వద్దన్నాను.
ఎందుకంది.
పాతదే, తెగిపోతుంది అన్నాను.