రెండు తలుపుల ఇల్లు

నాన్న కాలంలో మా దుకాణంలో రంగులకి పేర్లు లేవు,
లెక్కల పుస్తకంలో పాళ్ళే.
ఇప్పుడు కంపెనీవాళ్ళు అట్టముక్కలు పంపిస్తున్నారు:
ఒక్క తెలుపే నూట నలభై రకాలు,
ప్రతి తెలుపూ పక్కదాన్ని మురికి అంటుంది.

ఈ వెస్టెరోలెన్ దీవుల్లో ఒకప్పుడు
గోడ రంగంటే వలలో ఎంత పడిందో చెప్పడమే.
ఎర్రమట్టిలో కాడ్ చేప కాలేయపు నూనె కలిపితే ఎరుపు,
అది లేనివాడికి.
కాస్త మిగిలినవాడికి పసుపు.
జింకు తెలుపు పడవల యజమానికి.
అందుకే సియూర్ ఇల్లు రోడ్డు వైపు తెల్లగా ఉంటుంది,
పెరటి వైపు ఇప్పటికీ ఎరుపే.
దొడ్డిదారిన వచ్చేవాడికి గొప్పలెందుకని.

ఇల్లు అన్నాను గాని, సగం ఇల్లు.
మిగతా సగం అన్న హాల్‌గ్రిమ్‌ది.
ఒకటే కప్పు, ఒకటే పొగగొట్టం, ఒకటే అరుగు,
అరుగు మీద జానెడు ఎడంలో రెండు తలుపులు.
పడవ అమ్మేసిన ఏడాది నుంచీ
మధ్యన చెక్కగోడ ఉంది, మాట లేదు.
ఎవరు అమ్మారు, ఎవరు సంతకం పెట్టారు అంటే
ఊళ్ళో ఎన్ని పొయ్యిలుంటే అన్ని కథలు.

జూన్‌లో, సూర్యుడు అస్తమించడం మానేశాక
హాల్‌గ్రిమ్ వచ్చాడు.
గోడలు ఎర్రగానే ఉండనీ, తలుపు మార్చాలన్నాడు.
అట్టలన్నీ బల్ల మీద పరిచాను.
నీలం చూసి, ఇది బ్యాంకు, అన్నాడు.
పసుపు చూసి, ఇది చంటిపిల్లల బడి.
ముదురు బూడిద చూపించాను,
ఓస్లో నుంచి వచ్చి వేసవి ఇళ్ళు కొన్నవాళ్ళంతా అదే అడుగుతారు.
"పైనున్న మబ్బు చాలదా?"
చివరికి జేబులోంచి రుమాలు తీసి,
రుమాల్లోంచి గోరంత చెక్కపెచ్చు తీశాడు.
ఆకుపచ్చ. ఉప్పు తిని పాలిపోయినది.

తొమ్మిది రోజులకి సియూర్.
అట్టల వైపు చూడనైనా లేదు.
"వాన వెలిశాక రాతి మీది నాచు...
కాదు, ఇంకాస్త నల్లగా...
కాదు, పొద్దున్నే నాలుగింటికి రేవులో
నీళ్ళు నిద్ర లేవకముందు..."
గాలిలో చేతులు తిప్పుతున్నాడు,
చుక్కాని చక్రం పట్టుకున్నట్టు.
ఇక నాకు చెప్పక్కర్లేకపోయింది.

నాన్న పుస్తకం, 1961, మార్చి పేజీ:
పడవ చుక్కాని గదికి.
ఆకుపచ్చ మూడు పాళ్ళు, తెలుపు ఒకటి,
నలుపు ఒక చెంచా, నిండు చెంచా కాదు.

ఇద్దరికీ ఒకే చెంచాతో కలిపాను.
ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.
రంగులమ్మే మనిషికి డాక్టరుకున్నంత గుట్టుండాలని
నాన్న అనేవాడు.

ఇద్దరూ ఒకే రాత్రి వేశారేమో తెలియదు,
రాత్రనేది లేని రోజులవి.
సోమవారం నేను వచ్చేసరికి దుకాణం ముందు
ఒకడు మెట్టు మీద, ఒకడు రోడ్డుకి అవతల.
"నా రంగు వాడికెందుకిచ్చావు, గుడ్‌వేగ్?"
రెండు ఫిర్యాదులూ పొల్లుపోకుండా ఒకటే.
మార్చుకోండి, ఇంకో డబ్బా ఊరికే ఇస్తానన్నాను.
"వాణ్ణి మార్చుకోమను."
అదీ ఒకటే.

నవంబరు చివర సూర్యుడు వెళ్ళిపోయాడు.
మంచు అడ్డంగా కొడుతున్న ఒక రాత్రి,
సహకార సంఘం విందు నుంచి తూలుతూ వచ్చి
హాల్‌గ్రిమ్ ఆకుపచ్చ తలుపులో తాళంచెవి తిప్పాడట.
తిరగలేదట.
తాళాన్ని తిట్టాడట, మంచుని తిట్టాడట,
రంగు కలిపిన చేతిని కూడా.
అప్పుడు తలుపు తెరుచుకుంది,
లోపలి నుంచి.

తర్వాతేమైందో ఎవరికీ తెలియదు.
నా దగ్గరున్న ఆధారం ఇంతే:
ఏప్రిల్‌లో సియూర్ వచ్చాడు,
పెరటి గోడకి తెలుపు ఎంత పడుతుందని అడిగి
వద్దులే అన్నాడు.
వెళ్ళబోతూ, తలుపు రంగు కావాలన్నాడు.
ఎన్ని తలుపులకి, అన్నాను.
వేళ్ళు చూపించబోయి
చెయ్యి కోటు జేబులో దాచుకున్నాడు.

నేను పెద్ద డబ్బా దించాను.