నాలుగో గడి

"లెక్కలు అబద్ధం చెప్పవు" అన్నడు
కోటు భుజం మీదేసుకున్న వకీలు విద్యాసాగర్.
హన్మకొండ కోర్టు ముంగట, సాంబయ్య చాయ్ బండి కాడ.
పాత నేరస్తుల పేర్లు నూరు తీసి చూడుమన్నడు,
ఏ వాడకెల్లి ఎందరో.

"గాలం ఒక్క చెర్ల్లనే ఏస్తే
జిల్ల చాపలన్నీ ఆ చెరువుయే అనిపిస్తయ్" అన్నది
కాలేజీల పాఠాలు చెప్పే ఇందుమతి మేడం.
"కడుపు కాలితె ఎవనికైనా చెయ్యి లేస్తది"
పాలు పొంగకుంట ఊదుకుంట సాంబయ్య.

నేను మాట్లాడలె.
ముప్పై ఏండ్లు ఠాణాల రైటర్‌ను.
వాళ్లు కొట్లాడుకునే ఆ లెక్క
నా చేతిరాత.

మొదటి గడి పేరు. రెండోది తండ్రి పేరు.
మూడోది వయసు.
నాలుగోది కులం.
తక్కినయి నింపాలంటే మనిషిని అడగాలె.
నాలుగోది అడగకముందే నిండేది,
జీపు ఏ దిక్కు పోయిందో ఇంటే సాలు.

ఒక ఎండకాలం ఏనుమాముల మార్కెట్ల
పదకొండు మిర్చి బస్తాలు మాయమైనయ్.
దరఖాస్తు మీద సిరా ఆరలే,
జీపు పట్టాల అవతల ఎరుకలవాడల ఉన్నది.
ఉల్లెంగుల ఓదేలును తెచ్చిన్రు,
ఈతబరిగెలు చీరే కత్తితోనే.
"ఆయుధం" అని రాసిన.
చేతుల మీద ఈతముండ్ల గీతలు.
"పెనుగులాట గుర్తులు" అని రాసిన.
నా అక్షరం గుండ్రంగ ఉంటదని
ఎస్సై మెచ్చుకునేటోడు.

పన్నెండో దినం బస్తాలు దొరికినయ్,
అడ్తిదారు సొంత బామ్మర్ది గోదాంల.
పెద్దమనుషులు కూసున్నరు. రాజీ.
ఆ బామ్మర్ది ఏ గడిలకూ ఎక్కలె.
ఓదేలు పేరు కొట్టేయుమని ఎవలూ చెప్పలె,
నేనూ అడగలె.
ఏటేటా కొత్త రిజిస్టర్ వచ్చేది,
పాత పేర్లు కొత్త దాంట్లకు ఎక్కించేది నేనే.

అట్లని అబద్ధమెందుకు,
ఓదేలు తమ్ముడు సారంగం నిజంగనే దొంగ.
కాజీపేట ప్లాట్‌ఫారం మీద పుస్తెలతాడు తెంపంగ
నా కండ్లతోని చూసిన.
ఆ తల్లి ఉత్త మెడ తడుముకుంట ఏడ్సింది.
మేడం చెప్పిన గాలం ముచ్చట
ఆమెకు ఏమని చెప్పాలె?

మళ్ల ఇంకోటి యాదికొస్తది.
అన్నను పట్టుకొచ్చిననాడు సారంగానికి తొమ్మిదేండ్లు.
సద్దిగిన్నె ఒళ్లె పెట్టుకొని
ఠాణ మెట్ల మీద రెండు దినాలు కూసున్నడు.
"వీడూ మనకే వస్తడు, గడి ఖాళీగ ఉంచు" అన్నరెవరో.
నవ్విన్రు.
నేనూ నవ్విన్ననుకుంట.
పిల్లగాడు ముందు దొంగైండో,
మా నవ్వు ముందు పడ్డదో,
ఆ తారీఖులు ఏ రిజిస్టర్ల లేవు.

"పెద్దాయినా, నువ్వేమంటవ్?" అన్నడు వకీలు.
నేను నోరు తెరిసేలోపల
"నా స్కూటీ ఏది?" అన్నది మేడం.
తాళం దానికే ఉండెనట.

గంపలు నెత్తికెత్తుకొని ఒకామె రోడ్డు దాటుతున్నది,
ఎనుక బక్క పిల్లగాడు.
ఎవలూ ఏమనలె.
మెడలు మాత్రం తిరిగినయ్.
వకీలుది, సాంబయ్యది,
మేడంది గూడ.
నాది అందరికన్న ముందు.

"ఎండ కొడ్తుందని నీడకు పెట్టిన మేడం"
గోడ ఎనుకకెల్లి చాయ్ పోరడు.

వకీలు గ్లాసు కడుక్కపోయిండు.
గంపలామె మలుపు కాడ ఆగి
మా దిక్కు ఒక్కసారి చూసింది.
చూసి,
పిల్లగాని చెయ్యి గట్టిగ పట్టుకున్నది.