మూడు ఆంప్‌లు, ఒకే ఎర్తు

గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీపగలూ పొగ కక్కే నెల.
చిత్తూరు గాలి మొత్తం పులిసిన తోతాపురి వాసన.
వేలూరు రోడ్డులో నా షెడ్డు ముందు
పాత క్వాలిస్ ఒకటి దగ్గుకుంటా ఆగింది.

దిగినాయన చెంగల్రాయులు,
మండీలో ముప్పై ఏండ్లు వేలంపాట పాడిన మనిషి.
గొంతు అక్కడే, కాయల కుప్పల మీదే అరిగిపోయింది.
ఇప్పుడు మాట్లాడితే
సిమెంటు నేల మీద గోనెసంచి ఈడ్చినట్టుంటాది.

డిక్కీలో మూడు ఆంప్లిఫయర్లు.
మూడు కంపెనీలవి, మూడు వయసులవి.
ఒకదానికి మూత లేదు,
ఇంకోదాని మీద ఎవరిదో పెండ్లి స్టిక్కరు.
"చెన్నైలో తూకానికి కొన్న్యా పాపా.
మూడూ ఒకే నోటితో పలకాల."
లోపలికి తొంగిచూసి, "మీ నాయన లేడా?" అన్నాడు.
షెడ్డు నాదే అన్నా.
అని, వెనక సీటు ఊడదీశా.

పెద్దదానికి డిక్కీలో రెండు బేస్‌లు,
నడిమిదానికి తలుపుల్లో నాలుగు స్పీకర్లు,
మూత లేనిదానికి అద్దం పక్కన
చొక్కా గుండీలంత ట్వీటర్లు.
గాజుల గలగల వాటి వంతు.

చిటికెనవేలంత ఎర్ర వైరు,
బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు.
"అది లేకుంటే ఏమైతాది?"
"పాట ఉండదు. పొగ ఉంటాది."
కరెంటు ఎడమ కార్పెట్ కింద, సిగ్నల్ కుడి కార్పెట్ కింద.
పక్కపక్కన పడుకోబెడితే
ఒకదాని గురక రెండోదానికి అంటుకుంటాది.
నీలం వైరు మాత్రం దారమంత.
స్టీరియో లేస్తే, పోయి మూడింటినీ తట్టి లేపేది అదే.

గెయిన్ అంటే సౌండ్ అనుకుంటారు అందరూ.
ఆ బుడ్డి మర చివరిదాకా తిప్పి మీసం దువ్వుతారు.
ఇలియాస్ మామ నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినప్పుడు అన్నాడు:
"అది గొంతు కాదు బేటీ, చెవి.
స్టీరియో ఎంత మెల్లిగా చెప్తే నీ ఆంప్‌కి వినపడాలో,
అంతే తిప్పు."
మీటరు పెట్టి, ఒకే మోత పంపి,
వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత.
అంకె అనుకున్న చోట నిలబడింది.
చెయ్యి తీసేశా.

బేస్‌లు రెండూ ఎగిరెగిరి పడతా ఉన్నాయి,
చప్పుడు మాత్రం చాప దులిపినంత.
ఒకటి ముందుకి తోస్తే ఒకటి వెనక్కి లాగతా ఉంది.
ప్లస్సు, మైనస్సు మార్చా.
డిక్కీ మీది టీ గ్లాసు
తనంతట తానే నడిచి అంచుదాకా పోయింది.
పట్టుకున్నాడు చెంగల్రాయులు,
చుక్క ఒలకనీలేదు.

చీకటి పడ్డాక ఇంజను వేస్తే, ఈల.
తొక్కే కొద్దీ సన్నగా, ఇంకా పైకి, ఇంకా పైకి.
ఆయన చెవి రిక్కించినాడు.
"ఎవురో లోపల పాట పెంచతా ఉండారు పాపా."

మూడు ఎర్తులు మూడు చోట్ల బిగించింది నేనే,
ఒకటి ఏకంగా సీటు బోల్టుకి, రంగు మీదనే.
తొందర నాది, తిట్టుకున్నదీ నన్నే.
టార్చి నోట కరుచుకొని రంగు గీకి,
ఎమ్రీ పేపరుతో ఇనుము తెల్లబడేదాకా రుద్ది,
నల్ల వైర్లు మూడూ ఒకే చోట బిగించా.

మళ్ళీ ఇంజను.
మూడు నీలం దీపాలు.
బుస్సు లేదు, ఈల లేదు.
పెన్‌డ్రైవ్ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.
"ఉండనీ."

లోడు లారీ ఒకటి బైపాస్ ఎక్కిపోయింది.
ఎక్కడో ఫ్యాక్టరీలో షిఫ్టు కూత.
చెంగల్రాయులు డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో తట్టి
"ఒకటోసారి" అన్నాడు,
కొంచెం ఆగి, "రెండోసారి."

మూడోసారి అనలేదు.
కండ్లు మూసుకొని అట్లనే కూర్చున్నాడు,
ఇంకా ఎవరైనా పాడతారేమో అన్నట్టు.

మజూరీ దగ్గర మాత్రం
గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు,
మూడు వందలు దించినాడు.