తొర్ర

ఫాల్గుణం వెళ్లకముందే
నా చేతికి ఎర్రరంగు డబ్బా ఇచ్చారు.
మందస దాటాక, మహేంద్రగిరి కనిపించే వాలున
నాలుగు మీటర్ల నిప్పుగీత తియ్యాలి.
ఎండినవి, ఒంగినవి, తుప్ప కమ్మినవి
గుర్తేసి లెక్క రాయాలి.

నిరుడు జీడితోటలోంచి ఎక్కిన మంట
మూడు రాత్రులు దిగలేదు.
పచ్చికొమ్మలతో కొట్టి కొట్టి మా కనురెప్పలే కాలాయి.
తెల్లారి బూడిదలో ఒక ఉడుము,
ఇంకా నడుస్తున్నట్టే ఉంది.
అందుకే గొడ్డలిని నేను తిట్టలేను.

నలభై ఒకటో చెట్టు మద్ది.
సగం చచ్చింది. నడుం దగ్గర తొర్ర.
మొదట్లో బొచ్చూ సన్నెముకలూ కలిసిన ఉండలు,
ఎవరో తీరిగ్గా నమిలి ఉమ్మినట్టు.

"దీనికి రంగెయ్యకు బాబూ"
కత్తి చంకన పెట్టుకుని అంది సవర గుంపమ్మ.
"గుడ్లగూబ ఊర్లో కూస్తే సావంతారు.
మా సోడిచేల కాడ కూస్తే
సావు ఎలకలకే."

రిజిస్టర్లో తొర్రకి గడి లేదు.
పచ్చిదా, ఎండుదా? రెండే.

టేపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
చివరికి గీతనే అక్కడ కాస్త వంచాం.
మద్ది చుట్టూ ఆకు ఊడ్చాం, తుప్ప కొట్టాం,
గుంపమ్మ మొదలంటా రాళ్లు పేర్చింది.
ఆ వంపు చూసి రేంజరు ఏమంటాడో తెలీదు.
గాలి ఇటు తిరిగితే
రాళ్లు ఏమంటాయో అదీ తెలీదు.

చీకట్లో దిగుతుంటే
వెనక ఒక్క కూత.
నా వేళ్ల మీద
నలభయ్యో చెట్టు రంగు ఇంకా ఆరలేదు.