మూడు కిలోలు

సాలూరు స్టేషన్లో తూకం మిషను
ఎవరూ ఎక్కకపోయినా మూడు కిలోలు చూపిస్తుంది.
"ముల్లు అలిగింది, అంతే" అనేవాడు
పార్శిలు గుమస్తా కోరాడ గవరయ్య,
ప్రతి మూటలోంచీ ఆ మూడూ తీసేసి
రశీదు రాసేవాడు.

చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు.
నేను నిక్కరేసుకున్న రోజుల్లో గూడ్సు పెట్టె నిండేది.
తర్వాత పెట్టెలు తగ్గి
రైలు కాస్తా బస్సయింది:
ఒంటి పెట్టె, ఓ డ్రైవరు, హారను.
గేటు దగ్గర తనే ఆగి, దిగి, గేటేసి,
దాటాక మళ్లీ దిగి, గేటు తీసి,
తన పెళ్లికి తనే సన్నాయి ఊదుకున్నట్టు.

సీదరపు సోములమ్మని
పనసకాయకీ టిక్కెట్టు తియ్యమంటే
"దీనికి కూకోడానికి సోటిత్తావేటి బాబూ?" అని నవ్వింది.
ఇప్పుడు ఆటోలో పోతుంది,
కాళ్లు బయటికి, పనస ఒళ్లో.

ఆపేశామని ఎవరూ చెప్పలేదు.
ఓ సోమవారం రాలేదు. మంగళవారం కూడా.

లారీల ఊరు, పెద్దగా పట్టించుకోలేదు.
గంటగా వేలాడిన పట్టాముక్క
ఇప్పుడు కమాను కట్టల షెడ్డులో దాగలి.
సమ్మెట పడ్డప్పుడల్లా
తొమ్మిదీ ఇరవై బండి మోత.
గవరయ్య టీ గ్లాసు దించి బొబ్బిలి వైపు చూస్తాడు,
వెంటనే విసుక్కుని
పంచదార తక్కువైందంటాడు.

నిన్న మళ్లీ వెళ్లాను.
పట్టాల మధ్య తుమ్మ, గూడ్సు షెడ్డులో మేకలు.
ఓ మేకపిల్ల తూకం ఎక్కింది.
ముల్లు కాస్త వణికి
పదకొండు దగ్గర ఆగింది.
ఎనిమిది, అన్నాను పైకే.